అంబాసిడర్ లైట్లు మసకగా ఉన్నాయా? బల్బు మార్చే ముందు మీటరు పెట్టి చూడండి

పాత అంబాసిడర్‌ని రాత్రిపూట హైవే ఎక్కించినవాళ్లకు తెలుసు, ముందు వెలిగేది హెడ్‌లైటో కిరోసిన్ దీపమో అర్థం కాదు. అందరిలాగే నేనూ ముందు బల్బులనే తిట్టుకున్నాను. మా నాన్న వాడిన మార్క్ 3కి 100/90 వాట్ల (హై బీమ్/లో బీమ్) బల్బులు వేయించి హైదరాబాదు నుంచి విజయవాడ బయల్దేరాను. సూర్యాపేట దాటాక కాలి దగ్గర ఏదో కాలుతున్న వాసన వచ్చింది. నిమిషం తిరక్కుండానే రెండు లైట్లూ పోయాయి. వెనక లారీ, ముందు చీకటి. ఇండికేటర్ వేసుకుని, ఫోన్ టార్చి కిటికీలోంచి పట్టించి, కారును పక్కకు తీసేసరికి చెమటలు పట్టేశాయి. మర్నాడు చూస్తే కాలి కింద ఉండే డిప్పర్ స్విచ్ (హై బీమ్, లో బీమ్ మార్చేది) లోపల కరిగిపోయి ఉంది.

పాత బల్బుల్లో తప్పేమీ లేదని ఆ తర్వాత తెలిసింది. బ్యాటరీ దగ్గర 12.4 వోల్టులు ఉంటే బల్బు దాకా చేరుతున్నది 10.6 మాత్రమే. మిగతాది దారిలో వేడిగా మారి పోతోంది. నేను పెద్ద బల్బులు వేసి ఆ వేడిని ఇంకా పెంచాను, అంతే. కాబట్టి కింద చెప్పేవన్నీ ఒక పద్ధతిలోనే వెళ్తాయి: వోల్టులు ఎక్కడ పోతున్నాయో ముందు కనిపెట్టాలి, ఆ తర్వాతే కొత్త సామాను కొనాలి.

కావలసినవి: మామూలు డిజిటల్ మల్టీమీటరు, టెస్ట్ ల్యాంపు, ఎమెరీ పేపరు, మంచి క్రింపింగ్ ప్లయర్. వైరు ముట్టుకునే ముందు బ్యాటరీ ఎర్త్ కేబుల్ (కారు బాడీకి కట్టినది) విప్పండి. బాగా పాత కార్లలో ప్లస్ వైపు బాడీకి కట్టి ఉండవచ్చు, అంబాసిడర్‌కు మూలమైన బ్రిటిష్ కార్లకు అప్పట్లో అదే అలవాటు. మీ కారుకు ఏది ఎర్త్ అయిందో కళ్లతో చూసి నిర్ధారించుకోండి. ఈ ఒక్క విషయం పట్టించుకోక ఎల్‌ఈడీలు, రేడియోలు కాల్చుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

హెడ్‌లైట్లు పచ్చగా, నీరసంగా వెలుగుతున్నాయి

లైట్లు వేసి ఉంచండి. మీటరును డీసీ 20 వోల్టుల రేంజిలో పెట్టి, ఒక ప్రోబ్ బ్యాటరీ ప్లస్ మీద, రెండోది బల్బు వెనక ఉన్న ప్లస్ పిన్ను మీద ఆనించండి. కనిపించే అంకె ఆ దారిలో పోతున్న వోల్టులు. అర వోల్టు లోపు ఉంటే పర్వాలేదు. మా కారులో 1.4 వచ్చింది. తర్వాత ఒక ప్రోబ్ బ్యాటరీ మైనస్ మీద, ఇంకొకటి బల్బు ఎర్త్ పిన్ను మీద పెట్టండి. ఇది 0.2 దాటకూడదు. మాకు 0.4 వచ్చింది. రెండూ కలిపితే 1.8, బల్బు దగ్గర తగ్గింది సరిగ్గా అంతే. (పాజిటివ్ ఎర్త్, అంటే ప్లస్ బాడీకి కట్టిన కారులో ప్లస్, మైనస్‌లను తారుమారు చేసి చదువుకోండి.)

ఫిలమెంటు బల్బుకు వోల్టేజి కొంచెం తగ్గినా వెలుగు బాగా పడిపోతుంది. వోల్టేజి పది శాతం తగ్గితే వెలుగు సుమారు ముప్ఫై శాతం పోతుంది. ఈ లెక్క తెలిశాక కొత్త బల్బు కొనాలనే కోరిక దానంతటదే చల్లారుతుంది.

ఇంతకీ ఎందుకు పోతోంది? బ్యాటరీ నుంచి కరెంటు డ్యాష్‌బోర్డులోని లైట్ స్విచ్‌కి, అక్కణ్నుంచి నేల మీది డిప్పర్‌కి, మళ్లీ ముందుకి బల్బుల దాకా పోతుంది. ఇంత దూరం సన్నటి వైరు, మధ్యలో ఏళ్లుగా అరిగిన కాంటాక్టులు, చిలుము పట్టిన బుల్లెట్ కనెక్టర్లు. 55 వాట్ల బల్బులు రెండింటికి సుమారు 9 ఆంపియర్లు కావాలి, ఆ మొత్తం ఈ దారిలోనే నడవాలి. నేను వేయించిన 100 వాట్లవి హై బీమ్‌లో 16 ఆంపియర్లు దాటి లాగాయి. స్విచ్ కరగక ఏం చేస్తుంది?

దీనికి మందు రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసి ఆపే స్విచ్. హై బీమ్‌కి ఒకటి, లో బీమ్‌కి ఒకటి. రేడియేటర్ పక్కన, వాన నీళ్లు నేరుగా పడని చోట, పిన్నులు కిందికి ఉండేలా బిగించండి. బ్యాటరీ నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల కొత్త వైరు తీసి, 15 ఆంపియర్ల బ్లేడ్ ఫ్యూజు మీదుగా రిలే 30 నంబరు పిన్నుకి ఇవ్వండి. 87 నుంచి బల్బులకు. ఇదివరకు బల్బుకు వెళ్తున్న పాత వైరును 86కి కట్టండి, 85ను ఎర్త్‌కి. ఇప్పుడు మీ పాత స్విచ్ మీద, డిప్పర్ మీద పడే భారం ఆంపియరులో ఐదో వంతుకు అటూఇటూ, ఎందుకంటే అది రిలే కాయిల్‌కి మాత్రమే కరెంటు ఇస్తుంది. నాన్న చేత్తో తిప్పిన ఆ స్విచ్ ఇంకో నలభై ఏళ్లు ఉంటుంది.

కొనేటప్పుడు ఒకటి గమనించండి. ఐదు పిన్నుల రిలేలో మధ్యలో 87ఏ అని ఉంటుంది. రిలే ఆఫ్‌లో ఉన్నప్పుడు అక్కడ కరెంటు వస్తుంది. పొరపాటున బల్బు వైరు దానికి తగిలిస్తే లైట్లు ఆపినప్పుడు వెలుగుతాయి, వేసినప్పుడు ఆరతాయి. నవ్వకండి, ఒక మెకానిక్ నా కారుకే ఇలా చేశాడు.

బ్రిటిష్ పద్ధతి పాత వైరింగులో హెడ్‌లైట్లకు ఫ్యూజే ఉండదు. ఎక్కడైనా వైరు బాడీకి తగిలితే ఆపేవాడు లేడు, మంటే ఆపాలి. అందుకని రిలే వేయకపోయినా ఫ్యూజు వేయండి.

రిలే వేసి వోల్టులు సరిగ్గా అందాక కూడా వెలుగు చాలకపోతే అప్పుడు రిఫ్లెక్టర్ చూడండి. లోపలి వెండి పూత మాసి బూడిద రంగు తిరిగి ఉంటే గుడ్డతో తుడవకండి, ఉన్న పూత కూడా లేచిపోతుంది. ఏడంగుళాల గుండ్రటి హెచ్4 (హాలోజన్ బల్బు రకం) డోమ్ సెట్ మార్చేయడమే మంచిది. పాత బల్బు బేస్ వేరు, హెచ్4 బేస్ వేరు. పాత రిఫ్లెక్టర్‌లో హెచ్4ని ఆకురాయితో గీకి ఇరికించేవాళ్లున్నారు. ఫిలమెంటు ఉండాల్సిన చోట లేకపోతే వెలుగు చెట్ల మీద పడుతుంది, రోడ్డు మీద కాదు. హెచ్4లో 60/55 వాట్లదే వాడండి. హాలోజన్ రిఫ్లెక్టర్‌లో చవక ఎల్‌ఈడీ బల్బు పెడితే మన కంటికి తెల్లగా బాగానే కనిపిస్తుంది గానీ, ఎదురొచ్చేవాడికి కళ్లు బైర్లు కమ్ముతాయి. నేను హెడ్‌లైట్లకు దాన్ని వద్దనే అంటాను.

బ్రేకు తొక్కితే ఇండికేటర్ వెలుగుతోంది, లేదా టెయిల్ లైట్ ఆరుతోంది

దయ్యం పట్టినట్టు కనిపించే ఈ జబ్బు తొంభై పాళ్లు ఎర్త్ జబ్బే. వెనక లైటు హోల్డరుకు బాడీయే ఎర్త్. ఆ స్క్రూ దగ్గర తుప్పు పట్టినా, డెంటింగు, పెయింటింగు తర్వాత రంగు మీదే బిగించినా, కరెంటుకు ఇంటికి పోయే దారి ఉండదు. అప్పుడది పక్క బల్బు ఫిలమెంటులోంచి దొంగదారి వెతుక్కుంటుంది.

రుజువు చేసుకోవడానికి ఒక జంపర్ వైరు చాలు. ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, ఇంకో కొస లైటు హోల్డరు లోహానికి ఆనించండి. దయ్యం వదిలితే కారణం దొరికినట్టే. స్క్రూ విప్పి, చుట్టూ రంగు గీకి లోహం మెరిసేదాకా ఎమెరీ పట్టండి. కొత్త థింబుల్ (వైరు కొసకు బిగించే లోహపు రింగు) వేసి బిగించాక పైన వాసలైన్ రాయండి. నేనైతే ఒక అడుగు ముందుకేసి, వెనక రెండు లైట్లకీ కలిపి నల్ల వైరు లాగి డిక్కీలో ఒకేచోట బోల్టు చేశాను. ఇంజనుకూ బాడీకీ మధ్య ఉండే జడలాంటి ఎర్త్ పట్టీని కూడా చూడండి. అది తెగితే స్టార్టర్ తీసుకునే కరెంటు యాక్సిలరేటర్ కేబుల్‌ గుండా పోయి, కేబుల్ ఎర్రగా కాలుతుంది.

సిగ్నల్ దగ్గర ఆగితే లైట్లు కునుకు తీస్తున్నాయి

డైనమో (ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించే పాతకాలపు యంత్రం) ఉన్న కారుకు ఇది రోగం కాదు, స్వభావం. ఐడిల్‌లో డైనమో దాదాపు ఏమీ ఇవ్వదు, బండి బ్యాటరీ మీదే బతుకుతుంది. ఆ తరం బ్రిటిష్ కార్లలో మామూలుగా ఉండే డైనమో గరిష్ఠంగా ఇచ్చేది 22 ఆంపియర్లు. హెడ్‌లైట్లు, టెయిల్ లైట్లు, వైపర్, ఇగ్నిషన్ కలిపితే వానరాత్రి 17, 18 దాకా వెళ్తుంది. ఇక ఫ్యాను, చార్జర్, మ్యూజిక్ సిస్టమ్ అంటే కష్టం.

వేగం పెంచినా బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.4 మధ్య రాకపోతే మాత్రం నిజంగా లోపం ఉంది. బెల్టు వదులు, బ్రష్షులు అరగడం, చార్జింగ్‌ను అదుపు చేసే రెగ్యులేటర్ పెట్టెలో కాంటాక్టులు మాడడం, ఈ వరుసలో చూడండి.

డైనమో బదులు ఆల్టర్నేటర్ వేయించుకోవాలనుకుంటే మంచిదే, ఈ కారుకు చేసే మార్పుల్లో డబ్బుకు తగ్గ ఫలితం ఇచ్చేది అదే. కానీ కొన్ని జాగ్రత్తలు. కారు నెగెటివ్ ఎర్త్ (మైనస్ బాడీకి కట్టినది) అయి ఉండాలి. ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి పాత గోధుమ రంగు వైరునే వదిలేయకండి, కనీసం 6 చదరపు మిల్లీమీటర్లది కొత్తగా లాగండి. పాత రెగ్యులేటర్ పెట్టె అందం కోసం ఉంచుకోవచ్చు, లోపల కనెక్షన్ మాత్రం తీసేయాలి. డ్యాష్‌బోర్డులో 30 ఆంపియర్ల అమ్మీటరు ఉంటే దాన్ని కూడా తప్పించండి.

ఎల్‌ఈడీ ఇండికేటర్లు వేశాక మిణకడం లేదు, లేదా నాలుగూ ఒకేసారి మిణుకుతున్నాయి

ఇండికేటర్లను మిణికించే పాత ఫ్లాషర్ లోపల తీగ వేడెక్కి, చల్లారితేనే టిక్కుటిక్కు వస్తుంది. 21 వాట్ల బల్బులు రెండు లాగే కరెంటుకు తగ్గట్టు దాన్ని చేశారు. ఎల్‌ఈడీ లాగేది అందులో పదో వంతు కూడా ఉండదు, తీగకు వేడే పుట్టదు. ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ కొనండి. కొందరు 6 ఓముల రెసిస్టరు వేస్తారు, పనిచేస్తుంది గానీ అది ఇస్త్రీపెట్టెలా కాలుతుంది. అయినా కరెంటు మిగలడం కోసం ఎల్‌ఈడీ వేసి, ఆ మిగిలినదాన్ని రెసిస్టరులో కాల్చడం ఏం తెలివి?

నాలుగూ కలిసి మిణకడానికి కారణం వేరు. డ్యాష్‌బోర్డులో రెండువైపులకూ ఒకే చిన్న బల్బు ఉండి, అది ఎడమ వైరుకూ కుడి వైరుకూ మధ్య కట్టి ఉంటే, ఎల్‌ఈడీకి చాలినంత కరెంటు దానిలోంచి అవతలి వైపుకు జారుతుంది. ఒక్కో వైపు నుంచి 1ఎన్4007 డయోడు (కరెంటును ఒకే దిశలో పోనిచ్చేది) పెట్టి, రెండింటినీ ఆ బల్బు ఒక కాలికి చేర్చి, రెండో కాలును ఎర్త్ చేయండి. డయోడు మీది గీత బల్బు వైపు ఉండాలి. (ఇది నెగెటివ్ ఎర్త్‌కి.) పది రూపాయల పని.

టెయిల్ లైట్ల ఎర్ర అద్దం వెనక తెల్ల ఎల్‌ఈడీ కాదు, ఎర్రదే వేయండి. తెల్లదానిలో ఎరుపు తక్కువ కాబట్టి బయటికి పాలిపోయిన గులాబీ రంగు వస్తుంది.

ఫ్యూజు పదేపదే పోతోంది

పెద్ద ఫ్యూజు వేయకండి, సిగరెట్ పెట్టెలోని మెరిసే కాగితం అసలే చుట్టకండి. ఫ్యూజు స్థానంలో 21 వాట్ల బల్బును హోల్డరుతో కట్టండి. షార్ట్ ఉన్నంతసేపు అది నిండుగా వెలుగుతుంది. ఇప్పుడు వైరింగును ఒక్కోచోట కదుపుతూ పొండి, బల్బు మసకబారిన చోట దొంగ దొరుకుతాడు. నేను వెతికే వరుస: డిక్కీ మూత మడతబందు దగ్గర, ఇంజను గోడలో వైర్లు దూరే రంధ్రం దగ్గర (రబ్బరు బుష్ ఎండి రాలిపోయి ఉంటుంది), స్టీరింగ్ కాలమ్ కింద హారన్ వైరు.

వైర్ల రంగులు మాసిపోతే పైన చుట్టిన టేపు విప్పి లోపల చూడండి, అక్కడ అసలు రంగు మిగిలి ఉంటుంది. ఆ బ్రిటిష్ లెక్కలో గోధుమ రంగు నేరుగా బ్యాటరీది, తెలుపు ఇగ్నిషన్, ఆకుపచ్చ ఇగ్నిషన్ తర్వాత ఫ్యూజు దాటి వచ్చేది, ఎరుపు పార్కింగ్, టెయిల్ లైట్లది, నీలం మీద తెల్ల గీత హై బీమ్, నీలం మీద ఎర్ర గీత లో బీమ్, నలుపు ఎర్త్. ప్రీమియర్ పద్మిని కారు ఉన్నవాళ్లు దీన్ని నమ్ముకోకండి, అది ఫియట్ వంశం, రంగుల లెక్క వేరు.

రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోతోంది

అన్నీ ఆపి, బ్యాటరీ ఎర్త్ కేబుల్ విప్పి, కేబులుకూ టెర్మినల్‌కూ మధ్య మీటరును 10 ఆంపియర్ల రేంజిలో పెట్టండి. ఎలక్ట్రానిక్స్ లేని కారులో దాదాపు సున్నా చూపాలి. సున్నా రాకపోతే ఒక్కో ఫ్యూజు తీస్తూ చూడండి. ఏ ఫ్యూజు తీసినా తగ్గకపోతే డైనమో వైరు విప్పండి. రెగ్యులేటర్ పెట్టెలోని కటౌట్ (ఇంజను ఆగితే డైనమోను బ్యాటరీ నుంచి విడదీసేది) కాంటాక్టులు అతుక్కుపోతే బ్యాటరీ రాత్రంతా డైనమోను తిప్పాలని చూస్తూ ఖాళీ అవుతుంది. ముట్టుకుంటే డైనమో వెచ్చగా ఉంటుంది. అలా ఉంటే ఆ పెట్టె మార్చేదాకా కారు ఆపిన ప్రతిసారీ ఎర్త్ తీసేయండి, ఎందుకంటే బ్యాటరీ ఒక్కటే కాదు, డైనమో కూడా కాలిపోతుంది.

మొత్తం వైరింగే మార్చేద్దామా?

ఇన్సులేషన్ గోటితో నొక్కితే పెళుసుగా విరుగుతుంటే మార్చేయాల్సిందే, అతుకులు వేసుకుంటూ పోవద్దు. 2014లో ఈ కారు తయారీ ఆగిపోయినా విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల వైరింగ్ సెట్ కట్టి ఇచ్చేవాళ్లున్నారు. పాతదాన్ని ముక్కలు చేయకుండా పూర్తిగా తీసి, నమూనాగా పట్టుకెళ్లండి. ప్రతి కొసకీ పేరు రాసిన కాగితం టేపుతో అంటించండి, విప్పకముందే ఫోటోలు తీసుకోండి. రిలేలకు, వెనక ఎర్త్‌కు, రేపెప్పుడో వేయబోయే ఆల్టర్నేటర్‌కు కావలసిన వైర్లు అందులోనే కలిపి కట్టమని ముందే చెప్పండి. బిగించాక బ్యాటరీ నేరుగా కలపకుండా, ఇందాకటి 21 వాట్ల బల్బును మధ్యలో పెట్టి మొదటిసారి కరెంటు ఇవ్వండి. అన్ని స్విచ్‌లూ ఆఫ్‌లో ఉండగా అది వెలిగితే ఎక్కడో తప్పు కట్టినట్టే, ఒక్క వైరు కూడా కాలకముందే తెలిసిపోతుంది.