కారు బాడీ మరమ్మతు ఖర్చు – 4వ పాఠం: ఎస్టిమేట్‌లో మన వాటా ఎంత?

గత పాఠంలో సొట్ట లోతునూ, రేకు మడతనూ చేత్తో తడిమి గుర్తించడం నేర్చుకున్నాము. ఈ పాఠంలో షెడ్డువారు రాసిచ్చే ఎస్టిమేట్‌ను చదివి, అందులో బీమా సంస్థ భరించేదెంత, మన జేబులోంచి పోయేదెంత అన్నది సంతకం పెట్టకముందే లెక్క కట్టడం నేర్చుకుందాము. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకొని చదవండి.

వానాకాలం కోతలు అయ్యాక నల్లగొండ నుంచి నకిరేకల్ వెళ్లే దారిలో ఒక కారు ప్రమాదానికి గురైందనుకుందాము. రోడ్డు అంచున వడ్లు ఆరబోసి, రాత్రికి కుప్ప మీద పరదా కప్పి, అది ఎగరకుండా చుట్టూ రాళ్లు పెడతారు. ఎదుటి లారీ లైటు కళ్లలో పడ్డ క్షణంలో ఆ రాయి కనబడదు. అలా ఎడమవైపు తగిలిన దెబ్బకు ముందు బంపర్ పగిలింది, ఫెండర్ (ముందు చక్రాన్ని కప్పే పక్క రేకు) చక్రం పైన మడతపడింది, పక్క తలుపు మీద అరచేయంత సొట్ట పడింది. కారు కొని 3 సంవత్సరాల 4 నెలలైంది, ఇంజను 1197 సీసీ. ఎస్టిమేట్ ఇలా ఉందనుకోండి (ధరలు లెక్క నేర్పడానికి నేను వేసినవే): బంపర్ 4,000, ఫెండర్ 3,000, మూడు ప్యానెళ్ల (బంపర్, ఫెండర్, తలుపు) పెయింటు 9,000, డెంటింగ్, బిగింపు కూలి 2,500, మొత్తం 18,500 రూపాయలు. విడిభాగాలకైనా కూలికైనా 18 శాతం జీఎస్టీ దీనిపై చేరుతుంది కానీ, లెక్క తేలికగా ఉండాలని దాన్ని ఇక్కడ పక్కన పెడుతున్నాను.

మొదట ఫెండర్ సంగతి చూద్దాము. అది బోల్టులతో బిగించిన భాగం కాబట్టి విప్పి కొత్తది పెట్టడం సులువు; పాత రేకును సాపు చేసి మందంగా లప్పం పట్టించడానికి అయ్యే కూలితో పోలిస్తే, మడత పదునుగా ఉన్నప్పుడు కొత్తదే మేలు. వెనుక చక్రం పైనుండే ప్యానెల్ అలా కాదు, దాన్ని వెల్డింగ్‌తో అతికించి ఉంటారు. మార్చాలంటే కోసి తీయాలి కాబట్టి, వీలైనంత వరకు సాపు చేయించడానికే ఒప్పుకోండి.

అరచేయంత సొట్టకు తలుపు మొత్తానికి పెయింటు ఎందుకని చాలామంది వాదిస్తారు. మెటాలిక్ రంగులో ఉండే సన్నటి లోహపు రేణువులు పిచికారీ చేసిన తీరును బట్టి వెలుగును తిప్పికొడతాయి. కొద్ది మేర మాత్రమే వేస్తే ఆ పట్టీ అంచు మన ఎండలో మచ్చలా కనబడుతుంది. అందుకే పెయింటు ధరను ప్యానెల్ లెక్కన వేస్తారు, అది న్యాయమే. అయితే ప్రైమర్ (అడుగు పూత), బేస్ కోట్ (రంగు పూత), క్లియర్ కోట్ (పైన మెరుపు పూత) మూడూ ఆ ధరలోనే ఉన్నాయా అని అడిగి, కాగితం మీద రాయించుకోవాలి.

ఇప్పుడు తరుగుదల, అంటే భాగం పాతబడినందుకు దాని ధరలో బీమా సంస్థ కోసే వాటా. సాధారణ సమగ్ర పాలసీలో (మన కారుకు జరిగిన నష్టాన్ని కూడా భరించే బీమాలో) ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు 50 శాతం, ఫైబర్‌గ్లాసుకు 30 శాతం కోస్తారు, అద్దానికి ఏమీ కోయరు. ఇనుప భాగాలకు కారు వయసును బట్టి కోత పెరుగుతుంది: ఆరు నెలల వరకు లేదు, ఏడాది లోపు 5, రెండేళ్ల లోపు 10, మూడేళ్ల లోపు 15, నాలుగేళ్ల లోపు 25, ఐదేళ్ల లోపు 35, పదేళ్ల లోపు 40, ఆపైన 50 శాతం. పెయింటు బిల్లులో పావు వంతును సామగ్రిగా లెక్కించి, అందులో సగం కోస్తారు. ఇవిగాక 1500 సీసీ వరకు 1,000 రూపాయలు, ఆపైన 2,000 రూపాయలు యజమాని తప్పనిసరిగా భరించాలి.

మన కారుకు వేసి చూడండి. బంపర్ ప్లాస్టిక్‌ది కాబట్టి అందులో సగం 2,000. ఫెండర్ ఇనుపది, కారుకు నాలుగేళ్లు నిండలేదు కాబట్టి అందులో పావు 750. పెయింటు సామగ్రి 2,250లో సగం 1,125. తప్పనిసరి వాటా 1,000. వెరసి 4,875 మనది, మిగిలిన 13,625 బీమా సంస్థది. జీరో డెప్ (తరుగుదల కోయని) పాలసీ ఉంటే మొదటి మూడు కోతలూ ఉండవు.

లెక్క ఇక్కడితో ఆగదు, ఎక్కువమంది నష్టపోయేది దీని తరువాతి మెట్టు దగ్గరే. క్లెయిమ్ లేని ఏడాదులకు సొంత నష్టపు ప్రీమియంలో (మన కారు నష్టానికి కట్టే భాగంలో) వరుసగా 20, 25, 35, 45, 50 శాతం తగ్గింపు వస్తుంది. ఒక్క క్లెయిమ్‌తో అది సున్నాకు పడిపోతుంది. ఇప్పుడు 35 శాతం తగ్గింపులో ఉన్నవారికి క్లెయిమ్ వేయకుంటే ఏటా 45, 50, 50, 50, 50 శాతం వస్తుంది, వేస్తే 0, 20, 25, 35, 45 వస్తుంది; అంటే క్లెయిమ్ వేస్తే వచ్చే ఏడాది 45 శాతం, తరువాత వరుసగా 30, 25, 15, 5 శాతం, వెరసి 120 శాతం కోల్పోతారు. ప్రీమియం ఏటా 6,000 అనుకుంటే అది 7,200 రూపాయలు. దానికి 4,875 కలిపినా 12,075 అవుతుంది, 18,500 కన్నా తక్కువే కాబట్టి ఈ కారుకు క్లెయిమ్ వేయవచ్చు. అదే బంపర్ గీతకు 3,500 రూపాయల పెయింటు మాత్రమే అయితే, కోతలు పోను చేతికొచ్చేది సుమారు 2,062. మరుసటి ఏడాదిలోనే 2,700 పోతుంది. అలాంటి చిన్న పనికి మన డబ్బే కట్టుకోవాలని గట్టిగా చెబుతాను.

అభ్యాసం: జడ్చర్ల దగ్గర వెనుక నుంచి దెబ్బ తిన్న ఆరేళ్ల కారు, 1498 సీసీ. డిక్కీ రేకు తలుపు 12,000, వెనుక అద్దం 5,000, పెయింటు 4,000, కూలి 3,000. జీరో డెప్ లేదు. యజమాని వాటా ఎంతో లెక్క కట్టి ఉంచండి. 5వ పాఠాన్ని దాని జవాబుతో మొదలుపెట్టి, పని పూర్తయిన కారును షెడ్డులోనే పరీక్షించుకోవడం నేర్చుకుందాము.