ఇంటర్ అయ్యాక సంగీతం కాలేజీనా? వైజాగ్ నుంచి చూస్తే లెక్క ఇలా ఉంటుంది

మా మేనకోడలు ఇంటర్ పరీక్షలు రాసేసి, కౌన్సెలింగూ వద్దు ఏమీ వద్దు సంగీతం చదువుతానని కూర్చుంది. మా బావ "సంగీతం చదివి ఏటి తింటాదే" అని అక్క మీద ఎగిరాడు, అక్క నాకు ఫోన్ చేసి ఏడ్చింది, అలా ఆ పంచాయతీ నా నెత్తిన పడింది. రెండు నెలలు తిరిగాక తెలిసింది రాస్తున్నా, మీ ఇంట్లో కూడా ఇదే గొడవైతే పనికొస్తుంది.

ముందు చేరాలా వద్దా అన్నది. పిల్ల బాగా పాడుతుందా అని చూడకండి, ఎవరింట్లో పిల్ల వాళ్ళకి బాగానే పాడుతుంది, కరోకే పెడితే ఇంకా బాగా పాడుతుంది. చూడాల్సింది విసుగొచ్చే పనిని రోజూ చేస్తుందా లేదా అని. శ్రుతి బాక్స్ (ఆధార శ్రుతి మోగించే పెట్టె) పెట్టుకుని మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు, జంట స్వరాలు అనే తొలి పాఠాలు మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, పొద్దున్నే గంట సేపు, నలభై రోజులు చెయ్యమనండి. మీరు లేపకూడదు, అదే షరతు. మొదటి రోజూ చివరి రోజూ ఫోన్లో రికార్డు చేసి రెండూ తనకే వినిపించండి, ఎక్కడ జారిందో తనే పట్టుకుంటే చెవి ఉన్నట్టే. మాది పదిహేనో రోజున మానేసింది, నాలుగు రోజులు అలిగి మళ్ళీ ఎవరూ చెప్పకుండానే మొదలెట్టింది, నిజం చెప్పాలంటే ఆ మళ్ళీ మొదలెట్టడం చూసే నేను బావతో మాట్లాడ్డానికి ఒప్పుకున్నా.

తర్వాత, దేనికోసం చదువుతున్నారో తేల్చుకోవాలి, చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. కచేరీలు చెయ్యాలంటే డిగ్రీ ఎవడూ అడగడు, ఆకాశవాణి ఆడిషన్‌లో బీ, బీ హై, ఏ, టాప్ అని గ్రేడులిచ్చేది విని, మార్కుల షీటు చూసి కాదు. అదే డిగ్రీ కాలేజీలో లెక్చరర్ అవ్వాలంటే మామూలుగా సంగీతంలో పీజీ చేసి దాని మీద నెట్టో సెట్టో (లెక్చరర్ అర్హత పరీక్షలు) పీహెచ్‌డీనో ఉండాలి, ఆకాశవాణి ఏ గ్రేడు లాంటి పేరున్న ఆర్టిస్టులకి తప్ప ఆ కాగితం లేకుండా దారి దొరకడం కష్టం. కీబోర్డు, గిటార్ వైపైతే లెక్క వేరు, అక్కడ ట్రినిటీ, ఏబీఆర్ఎస్ఎం అనే లండన్ బోర్డులు పెట్టే గ్రేడు పరీక్షలు ఎనిమిది వరకూ ఉంటాయి. ఏబీఆర్ఎస్ఎంలో ఆరో గ్రేడుకి వెళ్ళాలంటే ఐదో గ్రేడు థియరీ గానీ దానికి సమానంగా వాళ్ళు ఒప్పుకునే పరీక్ష గానీ పాసవ్వాలి, ఇది ముందు తెలీక పిల్లలు అక్కడ ఆగిపోతుంటారు.

ఇక ఎక్కడ. మనకి పక్కనే విజయనగరం ఉంది, అరవై కిలోమీటర్లు. మహారాజా వారి సంగీత కళాశాల 1919లో పెట్టారు, మొదటి ప్రిన్సిపాల్ హరికథల ఆదిభట్ల నారాయణదాసు గారు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడ చదువుకుందామని వస్తే ఆయన వయొలిన్ విని ఏకంగా పాఠాలు చెప్పమన్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు, ఘంటసాల గారు చదివిందీ అక్కడే. అయితే పేరు చూసి చేరిపోకండి, వందేళ్ళ చరిత్ర మీ పిల్లకి పాఠం చెప్పదు, ఇప్పుడు చెప్పే మాస్టారెవరో చూడాలి. ఊళ్ళోనే కావాలంటే ఏయూలో (ఆంధ్ర యూనివర్సిటీ) మ్యూజిక్ డిపార్ట్‌మెంట్ ఉంది, పీజీ ఆలోచన ఉన్నవాళ్ళు ఓసారి వెళ్ళి మాట్లాడి రండి. చెన్నైలో కళాక్షేత్ర, రెహమాన్ గారు 2008లో పెట్టిన కేఎం కన్సర్వేటరీ లాంటివి ఉన్నాయి గానీ, ఫీజుకి తోడు అక్కడ గది, తిండి ఖర్చు కూడా లెక్కేసుకోండి. నా మాట వింటే ముందు డిసెంబర్లో ఓ వారం చెన్నై వెళ్ళి రండి, మధ్యాహ్నం కచేరీలు చాలా సభల్లో ఉచితమే, మీ పిల్ల వయసు వాళ్ళు ఏ స్థాయిలో పాడుతున్నారో కళ్ళారా చూస్తుంది, ఏడుస్తుందో పట్టుదల వస్తుందో అక్కడే తేలిపోతుంది. అంతదూరం కుదరకపోతే మన వైజాగ్ పిఠాపురం కాలనీ కళాభారతిలో కచేరీ ఉన్నప్పుడల్లా తీసుకెళ్ళండి.

ఏ చోటైనా డబ్బు కట్టే ముందు ఒక క్లాసు చివరి దాకా కూర్చుని చూడండి. మాస్టారు ఒక్కొక్కరి చేత విడిగా పాడించి దిద్దుతున్నారా, అందరి చేతా కోరస్‌గా అనిపించి వదిలేస్తున్నారా? నాలుగేళ్ళుగా నేర్చుకుంటున్న పిల్లలుంటే వాళ్ళ చేత ఒక వర్ణం (తొలి పాఠాలు దాటాక నేర్చుకునే రచన) పాడించుకుని వినండి, బ్రోచరు చదివే పని తప్పుతుంది. అక్క కూతుర్ని చిన్నప్పుడు ఒక చోట కీబోర్డులో చేర్చి ఏడాది ఫీజు ఒకేసారి కట్టేశాం, ఆరు నెలల్లో ముగ్గురు మాస్టార్లు మారారు, వచ్చిన ప్రతి మాస్టారూ మొదటి పాఠం నుంచే మొదలెట్టేవాడు. అందుకే ఇప్పుడు ఎక్కడైనా నెలవారీయే కడతాం.

దూరం కూడా చూడండి బాబూ. గాజువాక నుంచి సాయంత్రం ఎన్ఏడీ జంక్షన్ దాటి వచ్చేసరికి పిల్ల గొంతులో ఓపికేం ఉంటుంది, సాధన చెయ్యాల్సిన టైమంతా బస్సుకే పోతుంది. విజయనగరం అయితే రోజూ రైల్లో తిరగడం కుదురుతుందేమో ఓ వారం నిజంగా తిరిగి చూసి అప్పుడు చెప్పండి. ఇంకోటి, వీణో వయొలినో అయితే బీచ్ వైపు ఫ్లాట్లలో తీగలు తుప్పు పట్టేస్తాయి, వాయించాక తుడిచి పెట్టెలో పెట్టడం అలవాటు చెయ్యండి.

మా పిల్ల చివరికి ఊళ్ళోనే మామూలు డిగ్రీలో చేరింది, సంగీతం మాత్రం మాస్టారి దగ్గర పొద్దున్న రోజూ, పీజీకి ఏయూ అనుకుంటోంది. బావ ఇంకా మూతి ముడుచుకునే ఉన్నాడు గానీ, పొద్దున్న ఐదున్నరకి శ్రుతి బాక్స్ ఆన్ చేసేది మాత్రం ఆయనే.