లైంగిక నేరారోపణ ఎదుర్కొంటున్న కౌమారుడి మదింపు, చికిత్స: కౌన్సెలర్లకు కొన్ని సూచనలు

విశాఖపట్నంలో బాల న్యాయ మండలి పంపిన పిల్లవాణ్ని తొలిసారి కలవబోయే కౌన్సెలర్, తాను ఏ పని మీద వెళ్తున్నదీ ముందు తేల్చుకోవాలి. ఘోర నేరారోపణ ఉన్న 16–18 ఏళ్ల వారికి 2015 నాటి బాల న్యాయ చట్టం 15వ సెక్షన్ కింద జరిపే ప్రాథమిక మదింపు అనేది, నేరం చేశాడా లేదా అని తేల్చే విచారణ కాదు. నేరం చేయగల మానసిక, శారీరక సామర్థ్యం, పర్యవసానాలు గ్రహించే శక్తి, ఆనాటి పరిస్థితులు, ఇంతవరకే దాని పరిధి. చికిత్స కోసం చేసే మదింపు వేరు. రెంటినీ కలిపేస్తే, నమ్మకంతో చెప్పిన మాటే పిల్లవాడికి ఎదురు తిరుగుతుంది. ఏది నివేదికలో రాస్తారో, కొత్తగా పిల్లలపై మరో లైంగిక నేరం బయటపడితే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలపక తప్పదన్న సంగతి కూడా, మొదటి పది నిమిషాల్లోనే తేట తెలుగులో చెప్పండి.

"వీడు మళ్లీ చేస్తాడా?" అని అందరూ అడుగుతారు. పరిశోధకుడు మైకేల్ కాల్డ్‌వెల్ 2016లో 106 అధ్యయనాల్లోని 33 వేలకు పైగా కౌమారుల వివరాలు కలిపి చూడగా, సుమారు ఐదేళ్లలో మళ్లీ లైంగిక నేరం నమోదైనవారు సగటున 5 శాతం లోపే. బయటికి రాని నేరాలు ఇందులో చేరవు. అయినా "వీడింక మారడు" అని రాసే ముందు ఈ అంకె గుర్తుండాలి. 12–18 ఏళ్ల బాలుర కోసం అమెరికాలో రూపొందిన 28 అంశాల ప్రమాద మదింపు పట్టిక జె-సోప్-2 వాడేవారు మొత్తం మార్కును జాతకంలా చదవకూడదు. దానికి "ఇంత దాటితే ప్రమాదం" అనే గీతే లేదు. మారగల అంశాలనే గట్టిగా పట్టుకోండి.

అవి ఎక్కువగా ఇంట్లోనే కనిపిస్తాయి. తెల్లవారుజామునే తల్లిదండ్రులు ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లిపోయే రెండు గదుల ఇంట్లో, ఎవరు ఎక్కడ పడుకుంటారో, చిన్నపిల్లలు ఎవరి దగ్గర ఉంటారో, ఫోను ఎవరి చేతిలో ఉంటుందో తల్లి చేతే కాగితం మీద గీయించండి. నా అనుభవంలో పొడవాటి ప్రశ్నావళి కంటే ఆ బొమ్మే ఎక్కువ చెబుతుంది. నష్టపోయిన బిడ్డ అదే ఇంట్లో ఉంటే, తక్కిన అన్నిటి కంటే ముందు ఆ బిడ్డ భద్రత. అబ్బాయి అమ్మమ్మ ఇంటికో మరో చోటికో మారాల్సి రావచ్చు.

చికిత్స పిల్లవాడి ఒక్కడితో సాగదు. తల్లిదండ్రుల పర్యవేక్షణ, బడి, స్నేహితులను కలిపి చూసే బహుళవ్యవస్థా చికిత్సకు యాదృచ్ఛిక ప్రయోగాల (ఎవరికి ఏ చికిత్సో చీటీ వేసినట్టు నిర్ణయించి పోల్చే అధ్యయనాల) ఆధారం ఉంది. చదువు ఆగిపోయి ఉంటే తిరిగి చేర్చడం చికిత్సలో భాగమే. మానసిక వ్యాధి లక్షణాలు కనిపిస్తే చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకు పంపండి.

ఆరు నెలలకోసారి మదింపు మళ్లీ చేసి, పాత నివేదికలో నిలవని వాక్యాలను ఒక్కొక్కటిగా సరిదిద్ది మండలికి పంపండి.