కొన్నాళ్లు గోదావరి డెల్టాకు వస్తున్నారా? గాలం తెచ్చుకోండి

ఉద్యోగం మీద కొన్ని నెలలు కాకినాడకో యానానికో అమలాపురానికో వస్తుంటే, గాలం సరదా ఉన్నవాళ్లు రాడ్ తప్పకుండా సర్దుకోండి. ఇక్కడ వేటంటే చేపల వేటే. అడవి జంతువుల్ని, పిట్టల్ని కొట్టడం 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరం. కోరంగి అభయారణ్యం జోలికీ వెళ్లొద్దు.

అసలు మజా ఉప్పునీళ్లు, మంచినీళ్లు కలిసే పాయల్లో దొరికే పండుగప్ప (బారాముండి) చేపది. దానికి సముద్రం పోటూ (నీళ్లు ఎక్కడం) పాటూ (నీళ్లు తీయడం) తెలియాలి. రేవులో ఏ పడవాయన్ని అడిగినా చెప్తాడు. నీళ్లు తీయడం మొదలవగానే చిన్న చేపలు, రొయ్యలు మడచెట్ల వేళ్ల మధ్య నుంచి పాయలోకి జారతాయి. పండుగప్ప సరిగ్గా ఆ మలుపుల్లోనే కాపు కాస్తుంది. బతికున్న రొయ్య గానీ, ఈకలు కట్టిన ఫ్లై (పురుగులా, చిన్న చేపలా కనిపించే దొంగ ఎర) గానీ అక్కడ వేసి, నీటి వాలుకి వదిలేయండి. పండుగప్ప మొప్ప రేకులు బ్లేడులా ఉంటాయి. కొక్కెం దగ్గర మూరెడు పొడవున మందపాటి నైలాన్ దారం కట్టకపోతే దారం తెగిపోతుంది. మొప్పల్లో వేలు పెట్టకుండా, కింది దవడ పట్టి ఎత్తండి.

కొరమీను కావాలంటే కాలువల్లో గుర్రపుడెక్క అంచులు చూడండి. వేసవిలో కాలువలు కట్టేస్తారు, అప్పుడు లాభం లేదు. చెరువులు చాలావరకు లీజువే, కాపలా ఆయన్ని అడిగే దిగండి. వరదకి ఎర్రనీళ్లు వచ్చాక గోదావరి గట్టు దిగొద్దు. అప్పుడు దొరికే పులస చేపని వలవాళ్ల దగ్గర కొనుక్కోవడమే మేలు.

ఇంటికి రాగానే రీలు మంచినీళ్లతో కడగండి, ఉప్పుకి తుప్పు పట్టేస్తుంది.