పుష్‌బ్యాక్‌లో తేడా వస్తే: లక్షణం, కారణం, చెయ్యాల్సిన పని

పుష్‌బ్యాక్ అంటే, బేలోంచి (విమానం ఆగి ఉండే చోటు నుంచి) టగ్ అనే బండితో విమానాన్ని వెనక్కి నెట్టడం. అలా నెట్టి, టగ్‌నీ విమానాన్నీ కలిపే ఇనప బారు టోబార్‌ని విప్పి, పైలట్‌కి చెయ్యెత్తి పంపేదాకా పట్టేది కొద్ది నిమిషాలే. ఆ కాసేపూ విమానం ఒక్కరి చేతిలో ఉండదు. బ్రేకులు కాక్‌పిట్‌లో, దారి టగ్ డ్రైవర్ చేతిలో, ఆ ఇద్దరి మధ్య మాట మోసేది చెవులకి హెడ్‌సెట్ పెట్టుకుని కింద నుంచునే మనిషి. ఇన్నేళ్లు హెడ్‌సెట్ పెట్టుకుని పనిచేశాక నాకు అర్థమైంది ఇది: దెబ్బ కనపడేది టోబార్ దగ్గరో నోస్ వీల్ (ముందు చక్రం) దగ్గరో గానీ, అది మొదలయ్యేది ఒకరు చేసేశారులే అని ఇంకొకరు అనుకున్న చోట. కింద రాసిన ప్రతి సమస్యనీ ఆ కోణంలోంచి చూడండి. మీ విమానం మాన్యువల్, మీ సంస్థ పద్ధతి ఇందుకు భిన్నంగా చెబితే వాటి మాటే చెల్లుతుంది.

టగ్ నెడుతోంది, విమానం కదలట్లేదు

టగ్ ఇంజిన్ గొంతు పెరుగుతుంది. టోబార్ కిర్రుమంటుంది. నోస్ వీల్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఇంకాస్త తొక్కితే కదులుతుందేమో అనిపించే క్షణం ఇదే, టోబార్ విరిగేదీ ఇక్కడే. కాలు తీసెయ్యండి.

కారణం: మొదటి అనుమానం పార్కింగ్ బ్రేక్ మీద, రెండోది చాక్ (చక్రం దొర్లకుండా పెట్టే అడ్డు) మీద. ఇంధనం, సరుకు, ప్రయాణికులు ఎక్కాక టైరు బరువుకి అణిగి చాక్‌ని పట్టేస్తుంది. మెయిన్ గేర్ (రెక్కల కిందుండే చక్రాల కాళ్లు) దగ్గర ఒక చాక్ మిగిలిపోతే ముందు నుంచున్న మనిషికి కనపడదు.

పరిష్కారం: పైలట్ నోటినుంచి "బ్రేక్స్ రిలీజ్డ్" అన్న మాట వినకుండా డ్రైవర్‌కి సైగ ఇవ్వకండి. తల ఊపాడు, చెయ్యి ఎత్తాడు అన్నవి లెక్కలోకి రావు. కొన్ని విమానాలకి ముందు గేర్ దగ్గరే పార్కింగ్ బ్రేక్ లైటు ఉంటుంది. ఉంటే దాన్నీ చూడండి. చాక్ బిగిసిపోతే సుత్తితో కొట్టకండి. టగ్ తగిలించి ఉండగా, కాక్‌పిట్‌కి చెప్పి, బ్రేక్ వదిలించి, చాక్ మీద ఒత్తిడి పోయేంత మాత్రమే విమానాన్ని జరపండి. మళ్లీ బ్రేక్ వేయించి, వేశామన్న మాట విన్నాకే చెయ్యి చక్రం దగ్గరికి పోనివ్వండి.

షియర్ పిన్ తెగింది

టప్పుమని ఒక శబ్దం. టోబార్ తల దగ్గర సందు కనిపిస్తుంది, లేదా తల ఒక పక్కకి ఒరుగుతుంది. నోస్ గేర్ విరగకుండా తాను విరగడానికే ఆ పిన్ పెట్టారు. కాబట్టి అది తెగిందంటే దాని పని అది చేసిందని అర్థం. ఇక మన పని మొదలు.

ఆ క్షణంలో హెడ్‌సెట్ మనిషి కాక్‌పిట్‌కి టోబార్ విరిగిందని చెప్పి బ్రేకులు మెల్లగా వెయ్యమనాలి. "మెల్లగా" అన్న మాట తప్పనిసరి. వెనక్కి దొర్లుతున్న విమానానికి ఒక్కసారిగా బ్రేక్ పడితే ముక్కు లేచి తోక కిందికి వాలే ప్రమాదం ఉంది. ఎవరూ చక్రాలకి అడ్డం వెళ్లకూడదు, చాక్ విసిరి ఆపాలని చూడకూడదు. విమానాన్ని ముందుకి లాగుతుండగా తెగితే అది టగ్ మీదికే వస్తుంది. అప్పుడు డ్రైవర్ దాని దారిలోంచి పక్కకి తప్పుకోవాలి.

కారణం ఎక్కువసార్లు కుదుపే: జర్కుతో మొదలుపెట్టడం, జర్కుతో ఆపడం, పైలట్ మధ్యలో బ్రేక్ తొక్కడం, చాక్ మిగిలిపోవడం, ఇరుకు మలుపు. కొన్నిసార్లు ఆ రకం విమానానికి చెందని టోబార్ తగిలించి ఉంటారు. కొత్త పిన్ వేసే ముందు ఇంజినీర్ నోస్ గేర్ చూడాలి. ఒక విషయం గట్టిగా చెప్పాలి: ఆ రంధ్రంలో చేతికి దొరికిన బోల్టు బిగించకండి. బోల్టు తెగదు, బదులుగా గేర్ తెగుతుంది. ఆ టోబార్‌కి ఇచ్చిన పిన్ దొరకకపోతే టోబార్ మార్చండి, విమానం ఆలస్యమైనా సరే.

టోబార్ ఉన్నట్టుండి పక్కకి కొట్టింది

ఇది అన్నిటికంటే భయంకరమైనది. టోబార్ తగిలిస్తున్నప్పుడో, నెడుతూ ఇంజిన్ స్టార్ట్ చేస్తున్నప్పుడో నోస్ వీల్ తనంతట తాను తిరుగుతుంది. దానికి తగిలించిన ఇనప బారు కొరడాలా ఊగి పక్కనున్న మనిషి కాళ్లని కొడుతుంది.

కారణం: స్టీరింగ్ బైపాస్ పిన్ (నోస్ వీల్ స్టీరింగ్ పనిచెయ్యకుండా ఆపేది) లేదు, లేదా పూర్తిగా దిగలేదు. హైడ్రాలిక్ ప్రెషర్ (గొట్టాల్లోని ద్రవం ఒత్తిడి) వచ్చిందంటే స్టీరింగ్ వ్యవస్థ నోస్ వీల్‌ని తన ఇష్టం వచ్చిన చోటికి తిప్పుతుంది. మధ్యలో మన టోబార్ ఉందని దానికి తెలియదు.

పరిష్కారం: టోబార్ ముట్టుకోకముందే బైపాస్ పిన్ వెయ్యండి. వేసి వదిలెయ్యకుండా లాగి చూడండి, పిన్ పట్టి ఉంచే లివర్ ఏ వైపు ఉందో కంటితో చూడండి. ఎయిర్‌బస్ ఎ320లో లివర్ టోయింగ్ వైపు ఉంటే కాక్‌పిట్‌లో "ఎన్‌డబ్ల్యూ ఎస్‌టీఆర్‌జీ డిస్క్" (నోస్ వీల్ స్టీరింగ్ ఆపేసి ఉంది) అన్న మెమో స్క్రీన్ మీద ఆకుపచ్చగా వస్తుంది, ఇంజిన్ స్టార్ట్ అయ్యాక అంబర్‌గా (నారింజ పసుపుగా) మారుతుంది. అది వచ్చిందా అని పైలట్‌ని అడగడానికి మొహమాటపడకండి. లివర్ సరిగ్గానే ఉందని కింద నుంచి మీరు చెబుతున్నా పైన మెమో రాకపోతే, నెడుతున్నంతసేపూ ఇంజిన్లు స్టార్ట్ చెయ్యకూడదు. ప్రెషర్ వచ్చిన క్షణంలో గేర్ దెబ్బతినవచ్చు. బోయింగ్ 737లో లాకౌట్ పిన్ (అక్కడ బైపాస్ పిన్ పేరు ఇదే) లేకుండా నెట్టాల్సి వస్తే, స్టీరింగ్‌ని నడిపే హైడ్రాలిక్ సిస్టమ్ ఎ ప్రెషర్ లేకుండా చెయ్యాలి. అది ఎవరు చేశారు, అయిందా లేదా అన్నది హెడ్‌సెట్‌లో మాటగా వినాలి.

టోబార్‌ని ముందు విమానానికి తగిలించి, ఆ తర్వాతే టగ్‌కి తగిలించండి. తగిలించేటప్పుడు రెండు కాళ్ల మధ్య బారు పెట్టుకుని నుంచోకండి. కొత్తగా చేరిన వాళ్లందరూ నుంచునేది అలాగే.

ట్యాక్సీ (విమానం సొంతంగా నేల మీద నడవడం) మొదలయ్యాక నోస్ వీల్ తిరగట్లేదు

పైన చెప్పిన పిన్నే, ఈసారి లోపలే ఉండిపోయింది. పైలట్ టిల్లర్ (నోస్ వీల్ తిప్పే పిడి) తిప్పుతాడు, విమానం తిన్నగానే పోతుంది.

ఇది నా చేతిలోనే జరిగింది. రాత్రి షిఫ్టు, చివరి విమానం. నా జాకెట్ జేబులో ఇంకో బైపాస్ పిన్ ఉంది, అంతకుముందు విమానం దగ్గర స్పేర్‌గా తీసుకున్నది. టోబార్ విప్పించి, హెడ్‌సెట్ తీసి, పక్కకి నడిచి, జేబులోంచి పిన్ తీసి ఎర్ర రిబ్బన్ కనపడేలా పైకెత్తి చూపించాను. పైలట్ బొటనవేలు చూపించాడు. గేర్‌లో ఉన్న పిన్ గేర్‌లోనే ఉంది. నేను అబద్ధం చెప్పలేదు, ఆయన తప్పుగా చూడలేదు, అయినా ఇద్దరం కలిసి పొరబడ్డాం. విమానం బే ఎదురుగా ఆగిపోయింది, పార్కింగ్ బ్రేక్ వేసి గ్రౌండ్‌ని పిలిచారు. ఇంజిన్లు తిరుగుతున్న విమానం దగ్గరికి, పైలట్‌కి కనపడేలా ఎదురుగా నడిచి ఇంజినీర్ ఆ పిన్ తీశారు. ఆయన నడిచిన ఆ ఇరవై అడుగులూ నేను ఊపిరి బిగబట్టి చూశాను.

ఆ రోజునుంచి ఒక హెడ్‌సెట్ మనిషి దగ్గర ఒకటే పిన్ ఉండాలని పట్టుబడతాను. ఇంకోటి: పిన్ తీశాక ఖాళీ రంధ్రాన్ని వేలితో తాకండి. ఆ తర్వాతే చూపించండి.

దీనికి అన్నలాంటిది గేర్ లాక్ పిన్, నేల మీద గేర్ మడత పడకుండా వేసేది. అది ఉండిపోతే తెలిసేది టేకాఫ్ అయ్యాకే, గేర్ పైకి మడవనప్పుడు. విమానం వెనక్కి రావాల్సిందే. బయలుదేరే ముందు విమానం చుట్టూ తిరిగేటప్పుడు ఎర్ర రిబ్బన్లు లెక్కపెట్టండి. ఎన్ని వేశారో అన్నీ బయట కనపడాలి.

టగ్, విమానం కలిసి మడత పడుతున్నాయి

మలుపులో టగ్ విమానం ముక్కు పక్కకి వచ్చేస్తూ ఉంటుంది. డ్రైవర్ స్టీరింగ్ ఎంత సరిచేసినా కోణం పెరుగుతూనే ఉంటుంది. మలుపు ఆలస్యంగా మొదలుపెట్టి తక్కువ చోటులో తిప్పాలనుకోవడమే దీనికి కారణం.

నెడుతూ సరిచెయ్యాలని చూడకండి. ఆపండి, కాక్‌పిట్‌కి చెప్పండి, ముందుకి లాగి తిన్నగా చేసుకుని మళ్లీ నెట్టండి. రెండు నిమిషాలు పోతాయి, పోనివ్వండి. నోస్ గేర్ తలుపుల మీద ఉండే ఎర్ర గీతలు తిప్పగలిగే హద్దు చెబుతాయి. బోయింగ్ 737కి అది 78 డిగ్రీలు, టార్షన్ లింకులు (నోస్ గేర్ పై, కింది భాగాలని కలిపే చేతులు) విప్పితే తప్ప అది దాటకూడదు. మిగతా రకాలకి వాటి హద్దు వాటిది. టోబార్ లేని టగ్ వాడుతుంటే ఓవర్‌స్టీర్ (హద్దు మించి తిప్పామన్న) హెచ్చరిక వచ్చిందా చూడండి, టగ్‌లో ఎంచుకున్న విమానం రకం సరైనదేనా అన్నది మొదట్లోనే చూడండి.

హద్దు దాటితే ఇంజినీర్ చూసేదాకా ఆ విమానం కదలకూడదు. ఎవరికీ కనపడలేదు కదా అని ఊరుకునే వాళ్లని చూశాను. ఆ గేర్ మీద ఎక్కడో దిగబోయే నూట ఎనభై మంది కోసమైనా, హద్దు దాటిందని మనం చెప్పి తీరాలి.

టోబార్ ఊడి రావట్లేదు

నోస్ వీల్ వంకరగా ఆగింది, బారు మీద ఒత్తిడి ఉంది. అంతే. కాలితో తన్నకండి. పుష్‌బ్యాక్ చివర్లో కొద్ది మీటర్లు తిన్నగా లాగి ఆపడం అలవాటు చేసుకుంటే ఈ బాధ రాదు.

హెడ్‌సెట్‌లో మాట పోయింది

గరగర, ఆ తర్వాత నిశ్శబ్దం. తీగ లాగుడు పడిందో, జాక్ వదులైందో, వైర్‌లెస్ బ్యాటరీ అయిపోయిందో తర్వాత చూడొచ్చు. ముందు డ్రైవర్‌కి ఆగమని సైగ. విమానం ఆగాక చేతి సైగలకి మారండి. అవి పైలట్‌కి, మీకు ఒకే అర్థం ఇవ్వాలంటే పుష్ మొదలవకముందే వాటి గురించి మాట అనుకుని ఉండాలి. "ఇంకొంచెమే కదా, నెట్టేద్దాం" అన్న ఆలోచన రానివ్వకండి. ఆ ఇంకొంచెంలో పైలట్ బ్రేక్ వేస్తే షియర్ పిన్ దగ్గరికి మళ్లీ వస్తాం.

తప్పు దిక్కుకి నెట్టాం

టవర్ అనుమతి ఇచ్చేది పైలట్‌కి. "ఫేసింగ్ ఈస్ట్" అన్నది విమానం ముక్కు గురించి. హెడ్‌సెట్ మనిషి తోక గురించి అనుకుంటే విమానం వెళ్లి ఇంకో విమానం దారిలో నుంచుంటుంది. విన్నదాన్ని "ముక్కు తూర్పుకి" అని తిరిగి చెప్పండి, డ్రైవర్‌కి చేత్తో ఆ దిక్కు చూపించండి. తేడా గమనిస్తే అక్కడే ఆపి, పైలట్ మళ్లీ అనుమతి తీసుకునేదాకా ఆగండి. సొంతంగా సరిచెయ్యకండి.

టగ్ చక్రాలు జారుతున్నాయి

వాన, కారిన నూనె, చలిదేశాల్లో మంచు. ఇంజిన్ ఐడిల్‌లో (కనీస వేగంలో) ఉన్నా ముందుకి తోసే బలం ఉంటుంది. జారుడు నేల మీద అది టగ్‌ని గెలుస్తుంది. ఇలాంటి నేల మీద ఇంజిన్లు పుష్ అయ్యాకే స్టార్ట్ చెయ్యమని పైలట్‌ని ముందే అడగండి. నూనె మరకైతే శుభ్రం చేయించేదాకా ఆగండి.

టోయింగ్‌లో బ్రేక్ ప్రెషర్ తక్కువ చూపిస్తోంది

ప్రయాణికులు లేకుండా హ్యాంగర్‌కి లాగేటప్పుడు ఇంజిన్లు ఆగి ఉంటాయి. కాక్‌పిట్‌లో బ్రేకుల కోసం కూర్చున్న మనిషికి ఉన్న ఆధారం అక్యుములేటర్‌లో నిల్వ ఉన్న ప్రెషర్ ఒక్కటే. ఎ320లో నిండా ఉన్నప్పుడు అది కనీసం 7 పూర్తి బ్రేకులకి సరిపోతుంది. ప్రెషర్ మీటర్ ముల్లు ఆకుపచ్చ హద్దులోకి రాకపోతే కదలకండి, యెల్లో (అక్కడి ఒక హైడ్రాలిక్ వ్యవస్థ పేరు) ఎలక్ట్రిక్ పంప్ వేసి నింపుకోండి. దారి మధ్యలో పడిపోతే ఆపి, చాక్స్ వేసి, అప్పుడు నింపండి.

మనుషులు పక్కకి రాకముందే విమానం కదిలింది

2015 డిసెంబర్ 16న ముంబయి విమానాశ్రయంలో పుష్‌బ్యాక్ ముగిసిన తర్వాత విమానం ముందుకి కదిలి, దగ్గరే ఉన్న గ్రౌండ్ సాంకేతిక ఉద్యోగిని ఇంజిన్ లోపలికి లాగేసింది. ఆయన చనిపోయారు. ఆ వార్త విన్న రోజు మా బేలో ఎవరూ మామూలుగా మాట్లాడుకోలేకపోయారు. ఆయన నుంచున్న చోట మేం రోజూ నుంచుంటాం.

కారణం: అంతా అయిపోయిందన్న సైగ ఇవ్వకముందే ఇచ్చినట్టు కాక్‌పిట్ అనుకోవడం, లేదా ఇంకొకరి చేతి కదలికని ఆ సైగగా చదవడం.

పరిష్కారం: సైగ ఇచ్చేది ఒక్కరే ఉండాలి, ఆ మనిషి ఎవరో పైలట్‌కి ముందే తెలియాలి. బోయింగ్ 737 ఎన్‌జీ ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నా దాని ముందు సుమారు 3 మీటర్ల లోపల నుంచుంటే లోపలికి లాగేస్తుంది. థ్రస్ట్ పెంచితే ఆ హద్దు కూడా పెరుగుతుంది. క్రమం ఇలా ఉండాలి: పార్కింగ్ బ్రేక్ వేశామన్న మాట, టోబార్ విప్పడం, బైపాస్ పిన్ తీయడం, హెడ్‌సెట్ తీసి దాని జాక్ మూత వెయ్యడం, టగ్‌తో సహా మనుషులందరూ పైలట్‌కి కనపడే పక్కకి చేరడం. అప్పుడు తలలు లెక్కపెట్టుకోండి. ఆ తర్వాత పిన్, ఎర్ర రిబ్బన్, బొటనవేలు. పైలట్ బదులు ఇచ్చేదాకా చెయ్యి దించకండి. బదులు రాకుండానే విమానం కదలబోతే రెండు చేతులూ తల పైన అడ్డంగా పెట్టి ఆగమనండి. పక్కనున్న వాళ్లెవరూ ఆ సమయంలో ఒకరికొకరు చేతులు ఊపుకోకూడదు.