చోడి (రాగి) విత్తనం చేలోనే ఎంచుకోండి

కళ్లంలో కుప్పలోంచి గుప్పెడు తీసి ‘ఇదే విత్తనం’ అంటే నేనొప్పుకోను. కోతకి ముందే, చేలోనే ఎంచాలి. మా బొబ్బిలి వైపు చోళ్లు ముదిరే వేళకి నేను ఎర్ర నూలు పట్టుకుని దిగుతాను.

గట్టు వారగా ఉన్న మొక్కల జోలికి పోకండి. వాటికి ఎండా, జాగా ఎక్కువ, అందుకే ఏపుగా కనిపిస్తాయి. చేను మధ్యలో, పోటీలో నిలిచినవే చూడండి. కంకి కింద మెడ నల్లబడితే అది అగ్గి తెగులు, వదిలేయండి. గింజ నిండుగా ఉన్నవాటికి నూలు కట్టండి. రెండు మూడు మొక్కలతో సరిపెడితే నాటు రకంలో ఉన్న తేడాలన్నీ పోతాయి, చేనంతా తిరిగి వంద మొక్కలకైనా కట్టాలి. చోడి చాలావరకు తన పుప్పొడితోనే గింజ కడుతుంది. కాబట్టి పక్కాయన విజయనగరం పరిశోధన కేంద్రం వారి వేగవతి రకం వేసినా పెద్ద టెన్షన్ లేదు. నూర్చేటప్పుడు కలిసిపోకుండా చూసుకోండి, అసలు కల్తీ అక్కడే.

ఆ కంకులు విడిగా కోసి, ఎండబెట్టి, చేత్తో నలిపి, ఎండు వేపాకుతో కుండలో పెట్టి మూత బిగించండి.

నారు పోసే ముందు 100 గింజలు తడిగుడ్డలో చుట్టండి. గుడ్డ ఆరిపోకూడదు. ఎనిమిదో రోజుకి 75 మొలిస్తే చాలు. అంతకంటే తగ్గితే అవి అంబలికే.