కుందేళ్ల వేట లైటుకు ఎర్ర ఫిల్టరా, ఎర్ర ఎల్‌ఈడీనా?

తెల్ల లైటు వేస్తే, ఒకసారి బెదిరిన కుందేళ్లు వెలుగు పడగానే బొరియలోకి దూరిపోతాయి. ఎర్ర రంగు వాటి కంటికి సరిగా ఆనదు కాబట్టి కాసేపు నిలబడతాయి. అయితే చాలామంది చల్లని తెల్ల ఎల్‌ఈడీ టార్చికే ఎర్ర ఫిల్టర్ తగిలించి, ఏమీ కనపడట్లేదని వాపోతుంటారు. ఆ వెలుగులో ఎరుపు పాలే తక్కువ, మిగతాదంతా ఫిల్టర్ మింగేస్తుంది. దానికి బదులు 620–630 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న ఎర్ర ఎల్‌ఈడీ టార్చి తీసుకోండి. హాలోజన్ లైటుంటే దానికి ఫిల్టర్ బాగానే పనిచేస్తుంది, ఎరుపు పుష్కలంగా ఉంటుంది. కాకపోతే గాజు ఫిల్టరే వాడాలి. రంగు కాగితం లైటు వేడికి త్వరగా ముడుచుకుపోతుంది, మాడిన వాసన కూడా వస్తుంది.

కొన్నాక పగలు 50 మీటర్ల దూరంలో కుందేలంత అట్టముక్క నిలబెట్టి, చీకటి పడ్డాక లైటు వేయండి. చెవులు, ఒంటి అంచు తెలియకపోతే అంబర్ (నారింజ-పసుపు) వెలుగుకి మారండి. అది కాస్త ఎక్కువ బెదిరిస్తుంది, కానీ బాగా కనిపిస్తుంది. వెతికేటప్పుడు వెలుగు నడిమధ్య కాకుండా అంచు మాత్రమే వాటిపై పడాలి.

పొగమంచులో ఏ రంగైనా దండగే, వెలుగంతా మీ ముఖానికే తిరిగొస్తుంది. ఎర్ర వెలుగులో మెరిసే కళ్లు కుక్కవో పిల్లివో కూడా కావచ్చు. జంతువు ఒళ్లంతా, దాని వెనకాల ఏముందో కూడా కనపడనిదే గురి పెట్టకండి. రాత్రి లైటుతో వేటకు చట్టం ఒప్పుకునే చోట్లకే ఇదంతా.